పెరిగిన గాజు

"మీ వదిన చచ్చిపోయిందిరా" అన్నాడు అన్నయ్య ఫోనులో.

మా ఇళ్లలో ఆ మాట ఎవరూ అనరు. తాత పోయినప్పుడు కాలం చేశాడన్నారు. నాయన పోయినప్పుడు మనకు లేకుండా పోయాడన్నారు. అన్నయ్య అసలే మెత్తటి మనిషి, పక్కింటివాళ్ల కుక్క చస్తే కూడా "పాపం, పోయింది" అనే రకం. అలాంటివాడు హైదరాబాదు దవాఖానా వరండాలో నిలబడి, నర్సులు వింటుండగా, ఇన్నేళ్లు కాపురం చేసిన భార్య గురించి ఆ మాట అన్నాడు. అని, మళ్లీ ఒకసారి అన్నాడు, నాకు సరిగా వినపడలేదేమోనని.

ఆ మాట ఎందుకు అలా అన్నాడో తెలియాలంటే ఒక హాస్టలు సంగతి, ఒక గాజు సంగతి చెప్పాలి. సంతాప సభలో వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు. కాలేజీవాళ్లు పూలదండ వేసి, మేడమ్ సౌమ్యురాలు, మితభాషి అన్నారు. రెండూ అబద్ధాలే. మా వదిన సౌమ్యురాలు కాదు, మితభాషి అంతకన్నా కాదు. బతికినంతకాలం ఆమె నోటికి జడిసినవాళ్లే ఇప్పుడామెను మెత్తగా చేసి సాగనంపుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

దమ్మపేట వైపు రైతుల ఇంట పుట్టి, ఖమ్మంలో ఇంజనీరింగు కాలేజీలో స్ట్రక్చర్స్ పాఠం చెప్పేది. కట్టబోయే భవనాన్ని ముందు కంప్యూటర్లో కట్టి, దాన్ని వేలాది చిన్న ముక్కలుగా చేసి, ఏ ముక్క ఎంత బరువు మోస్తుందో, ఎంత వంగుతుందో లెక్క కట్టించడం ఆమె విద్య. ఆ ముక్కల అల్లికను మెష్ అంటారు. తెర మీద భవనమంతా దోమతెర కప్పుకున్నట్టు కనిపించేది. లెక్క ముగిశాక దాని మీదికి రంగులు వచ్చేవి. నీలం ఉన్నచోట నిమ్మళం, ఎరుపు ఉన్నచోట ప్రమాదం.

"మస్తుగుంది వదినా, గోడకు తగిలించుకోవచ్చు" అన్నాను మొదటిసారి చూసి.

"తగిలిచ్చుకుంటనే ఉన్నరు. ఆఫీసులల్ల అదే పని. రంగులు చూసి మురుస్తరు. కింద ఏం పెట్టినవమ్మా అని ఒక్కడడగడు."

"కంప్యూటరు చెప్పినాక ఇంకేం అడుగుతారు?"

"కంప్యూటరు అబద్ధం చెప్పదు మరిదీ. నువ్వు చెప్పిన అబద్ధాన్ని మంచిగ లెక్క కట్టి చూపిస్తది."

ఒక ఆదివారం వాళ్ల వంటింట్లో నన్ను నాలుగు కాళ్ల చెక్కపీట మీద కూర్చోబెట్టింది. "నీ బరువును ఈ కాళ్లు ఎట్ల పంచుకుంటయి?" అని అడిగింది. తలా పావు వంతు అన్నాను. అప్పుడు ఆమె పొద్దుటి పేపరు మడిచి ఒక్కో కాలు కిందికి దూర్చి చూసింది. మూడు కాళ్ల కింద దూరలేదు. నాలుగో కాలి కింద సుఖంగా ఆ పక్కనుంచి ఈ పక్కకు పోయింది.

"చూసినవా? వంటింటి బండ కొంచెం ఎగుడుదిగుడున్నది. ఈ కాలు ఏం మోస్తలేదు. ఉత్తగ నిలబడి చూస్తున్నది. కంప్యూటర్ల అయితే ఇది గూడ పావు వంతు మోస్తదని రాస్తది. ఎందుకంటే నేల సాపుగున్నదని మనమే చెప్పినం." తర్వాత పేపరు విప్పి చూసి నవ్వింది. "అరె, ఇది నీ వ్యాసమేనాయె. చూడు, ఎంత తేలికగ దూరిందో."

మా మధ్య మాటలు అలాగే నడిచేవి. నేను పత్రికల్లో వ్యాసాలు రాస్తాను. వాటిలో కోపం ఎక్కువని చదివేవాళ్లంటారు, కొలత తక్కువని వదిన అనేది. ఆమె శాస్త్రంలో సపోర్టును తెలుగులో ఆధారం అంటారట. "మీ పత్రికలల్ల గూడ ఆధారం అనే అంటరు గద. చెప్పు మరిదీ, ఈ వారం వ్యాసానికి ఆధారం ఏంది? ఫిక్స్‌డేనా?"

ఫిక్స్‌డ్ అనేది ఆమెకు తిట్టు. స్తంభం కింద నేల కుంగదు, జరగదు, తిరగదు అని లెక్కలో ముందే ఒప్పేసుకుంటే దాన్ని ఫిక్స్‌డ్ ఆధారం అంటారు. సాఫ్ట్‌వేరులో ఆ గుర్తు మొదటి నుంచీ పెట్టే ఉంటుంది. మార్చాలంటే మట్టి చూడాలి, మట్టి చూడాలంటే కుర్చీలోంచి లేవాలి. నేనైతే ఇంకో మాట అంటాను. నేల కదలదని రాసేవాళ్లు ఎప్పుడూ ఆ నేల మీద పడుకోరు.

జూలూరుపాడు నుంచి అడవిలోకి మళ్లే దారిలో గిరిజన ఆడపిల్లల హాస్టలుకు కొత్త భవనం కట్టారు. ఊరి పేరు రాయను, ఆ పిల్లలు ఇంకా ఆ పక్కనే చదువుకుంటున్నారు. వాగు ఒడ్డున కట్టారు. ఒడ్డునే ఎందుకని అడక్కండి. ఎవరికీ పనికిరాని జాగా ఉంటే తప్ప ఆదివాసీ పిల్లలు గుర్తుకురారు ఈ రాజ్యానికి. కింద నల్లరేగడి, దాని మీద పల్లం పూడ్చడానికి తోలిన మట్టి. డిజైను మాత్రం ఎక్కడో గట్టి మొరం నేల కోసం ఎప్పుడో గీసింది. ఆ ఫైలే తెరిచి, ఊరి పేరు మార్చి, మూసి పంపారు. కట్టడం అయ్యాక దానిమీద ఇంకో నిపుణుడి సంతకం కావాలని కాలేజీకి వస్తే అది వదిన బల్ల మీదికి చేరింది.

ఆమె ఫైలు తెరిచింది. అన్ని స్తంభాల కిందా ఫిక్స్‌డ్. భవనమంతా నీలం. కింద ఆకుపచ్చ అక్షరాల్లో పాస్.

మర్నాడే బస్సెక్కి పోయింది. ఎండాకాలం. రేగడి నోళ్లు తెరుచుకుని ఉంది. వంటగది మూలన, వాగు వైపు, గొడుగు మొన గుచ్చితే పిడి దాకా దిగిందట. తిరిగొచ్చి, కంప్యూటర్లో ఆ ఫిక్స్‌డ్ గుర్తులన్నీ పీకేసి, వాటి స్థానంలో ఆ మట్టి కుంగినంత కుంగే స్ప్రింగులు పెట్టి మళ్లీ లెక్క నడిపించింది. వంటగది మూల స్తంభం ఎర్రబడింది. పైన నీళ్ల ట్యాంకు కట్టింది కూడా సరిగ్గా అక్కడే. ఆ మూల పునాది బలపరిచేదాకా పిల్లల్ని లోపలికి పంపవద్దని రాసిచ్చింది.

హాస్టలు కట్టించిన ఆఫీసునుంచి ఒకాయన ఇంటికే వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"మేడమ్, పాసా ఫెయిలా? ఒక్క మాట చెప్పండ్రి చాలు."

"పాసయ్యేటందుకు అదేమన్న పదో తరగతా సార్?"

"గట్ల కాదు మేడమ్. ఓపెనింగు పెట్టుకున్నం. పెద్దోళ్లొస్తున్నరు."

"రానియ్యండి. రిబ్బను బయట కట్టుకోండి, బయటనే కత్తిరిచ్చుకోండి. పిల్లల్ని లోపలికి తోలకండి."

ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు. సంతకం వేరేచోట దొరికింది. రిబ్బను కత్తిరించారు. పిల్లలు పెట్టెలు మోసుకుని లోపలికి పోయారు.

నేను ఊగిపోయాను. "తిన్నారు వదినా, కచ్చితంగా తిన్నారు. రేపే రాస్తా."

"తిన్నట్టు ఆధారం ఏంది? సిమెంటు మంచిగనే ఏసిండ్రు. ఇనుము మంచిగనే ఉన్నది, నేను చూసిన. ఆ సంతకం పెట్టినాయన గూడ దొంగ కాదు, ఫైలు తెరిచిండు, ఆకుపచ్చగున్నది, మూసిండు. దొంగతనమైతే పట్టుకుంటం మరిదీ. ఇది అలవాటు. అలవాటును ఏ పోలీస్ స్టేషన్ల పెడ్తవ్?"

ఇప్పటికీ ఈ ఒక్క విషయంలో ఆమెతో ఒప్పుకోను. ఆమె లేదు కదా అని ఒప్పుకోవడం ఆమెకు అవమానం. అదే ఫైలు పట్నంలో పెద్దవాళ్ల పిల్లల బడిదైతే అలా తెరిచి మూసేవారా? మట్టి చూసేవారు. యంత్రాలు తెచ్చి, బోరు వేసి, పాతాళం దాకా చూసేవారు. అలవాటు కూడా మనుషుల్ని చూసే వస్తుంది వదినా.

ఆమె తిట్టడంతో ఆగే మనిషి కాదు. మళ్లీ బస్సెక్కింది. అప్పటికే వంటగది మూల గోడలో వెంట్రుకవాసి పగుళ్లు మొదలయ్యాయి. వాటికి అడ్డంగా పలుచని గాజుపలకలు అతికించింది. పగులు నిద్రపోతుంటే గాజు నిలుస్తుంది, పగులు కదిలిందంటే గాజు పుటుక్కున విరుగుతుంది. ఖరీదైన యంత్రాలేవీ ఇవ్వనప్పుడు స్ట్రక్చర్లవాళ్లు వాడే పాత ఉపాయం. వార్డెన్లు మారిపోతుంటారు గనుక వాటిని అక్కడి వంటామెకు అప్పగించింది. పక్క ఊరి మనిషి, వదిన ఈడుదే. వచ్చిన ప్రతిసారీ ఇద్దరూ ఆ మూలనే కూర్చుని మాట్లాడుకునేవారు.

"మేడమ్, ఇంటికి సుట్టం లెక్కొస్తరు, గోడ మొకం చూసి పోతరు. మా మొకాలు జూడరా?"

"నీ మొకం మంచిగనే ఉన్నది. గోడ మొకమే మంచిగ లేదు. ఈ గాజు పగిలితే నాకు ఫోన్ చెయ్యి. ఎప్పుడైనా సరే."

"శుభమా అని ఆ మాట ఎందుకు మేడమ్. గట్లనే చేస్త తీయండ్రి."

వదిన నవ్వుకుంటూ నాతో చెప్పిన సంభాషణ ఇది. ఇంజనీరు చెవికి అందులో ఏ తేడా వినపడలేదు. నాకూ వినపడలేదు.

తర్వాత వదినకు జబ్బు బయటపడింది. ఏ జబ్బో మీకు తెలిసిందే, ఈ మధ్య ప్రతి ఇంట్లోనూ ఒకటుంది. వైద్యానికి హైదరాబాదు తీసుకుపోయారు. మందు ఎక్కించిన రోజుల్లో ఆమె ఫోను అన్నయ్య జేబులో ఉండేది. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఒక ఆడమనిషి ఫోను చేసింది.

"మేడమ్ లేరా సార్?"

"పడుకుందమ్మా. ఒంట్లో బాగాలేదు. ఏంటో చెప్పు."

"అయ్యో. మేడమ్ గాజు పెరిగింది సార్. జర చెప్పండ్రి, మరిచిపోకండ్రి."

బియ్యం అయిపోతే మనం నిండుకున్నాయంటాం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. చేతి గాజు పగిలితే, పుస్తె తెగితే, పెరిగిందంటాం. చెడును చెడు పేరుతో పిలిస్తే ఇంట్లోకొచ్చి కూర్చుంటుందని భయం. ముత్తైదువ విషయంలోనైతే మరీ భయం. వంటామెకు గోడమీది గాజు కూడా మేడమ్ గాజే. రోగంతో పడుకున్న పుస్తెల మనిషి గాజు పగిలిందని నోటితో ఎలా అంటుంది? పెరిగిందంది.

అన్నయ్యకు గోడల సంగతి తెలియదు. భార్య గాజు ఎక్కడో ఎవరింట్లోనో పగిలిందని, ఎవరో అమాయకురాలు అపశకునం మోసుకొచ్చిందని అనుకున్నాడు. సరేనమ్మా అని పెట్టేశాడు. మంచంమీద సగమైపోయి ఉన్న మనిషికి ఆ మాట ఏ మొగుడు చెబుతాడు? చెప్పలేదు.

అక్కడ వంటామె, చెప్పాను కదా, మేడమ్ చూసుకుంటారని ఊరుకుంది. కొత్త వార్డెన్ విరిగిన గాజు చూసి, ఎవరో మేడమ్ ఉందట, ఆమె చూసుకుంటుందని ఊరుకుంది. ఆఫీసు, పాసైన భవనం కదా అని ఊరుకుంది. ఎవరికి వారు ఇంకొకరు మోస్తున్నారనుకున్నారు. ముసురు పట్టింది. తోలిన మట్టి నీళ్లు తాగింది. ఒకరోజు పిల్లలు బడికి పోయి ఉండగా వంటగది మూల కుంగింది. స్తంభం ఒరిగి, వెనక వరండా కప్పు కింద పడింది. దాని కింద బియ్యం చెరుగుతూ వంటామె ఉంది.

ఆ సంగతి వదినకు చెప్పింది నేనే. అన్నయ్య దాచిపెడదామన్నాడు, నేను వినలేదు. ఆమె మొదట అడిగింది గాజు గురించే.

"గాజు ముందే పగిలుండాలె. ఆమె ఫోన్ చెయ్యలేదా?"

అన్నయ్య మొహం పాలిపోయింది. "ఫోనొచ్చింది. ఎవరో… నీ గాజు పెరిగిందని… నేను, నీకెందుకు చెప్పడం అని…" మంచం పట్టీ పట్టుకుని కూర్చుండిపోయాడు.

నేను అరిచాను. అన్నయ్య మీద, మూఢనమ్మకాల మీద, సభ్యత పేరుతో చెడును కప్పిపెట్టే ఈ భాష మీద, ఏది దొరికితే దానిమీద అరిచాను. నర్సు వచ్చి తలుపు మూసింది.

"ఆపు మరిదీ" అంది వదిన. గొంతు పీలగా ఉంది గానీ క్లాసులో గొంతే. "ఆయన తప్పేముంది? ఆమె తప్పేముంది? ఇద్దరూ నా మీద పావురంతోనే, ప్రేమతోనే చేసిండ్రు. అంతమంది పిల్లల పానాలు తీసుకపోయి ఒక్క ఫోను మీద, ఒక్క మాట మీద ఆనిచ్చినం చూడు, అదీ తప్పు. నాది గూడ. మాట ఎటు వంగినా బిల్డింగు నిలబడాలె. ఒకటి పోతే ఇంకోటి మొయ్యాలె. నేను ముప్పొద్దులా చెప్పే పాఠమే అది."

తర్వాత ఆమె ఏడ్చింది. వదిన ఏడవగా నేను చూడ్డం అదే. అన్నయ్య చెయ్యి పట్టుకుని, "ఒక్కటి మాటియ్యి" అంది. "నేను చచ్చిన్నాడు చచ్చిపోయిందని చెప్పు. పోయింది, లేదు, చల్లగ ఎల్లిపోయింది, గివేం వద్దు. ఒక్కసారన్న ఉన్నదున్నట్టు చెప్పు."

ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ తెప్పించుకుంది. చేతికి సూది ఉండగానే, ఆ మూల స్తంభాన్ని లెక్కలోంచి తీసేసి, మిగిలిన భవనం ఆ బరువును ఎటు తోస్తుందో చూసింది. ఎందుకంటే కూలిన భాగానికి తాడు కట్టి, మిగతా గదుల్లో పిల్లల్ని ఇంకా పడుకోబెడుతూనే ఉన్నారు. నమ్మండి. కూలింది వరండా కదా, పడకగది కాదు కదా అన్నారు. ఎరుపు మెల్లగా పక్క స్తంభానికి, అక్కడి నుంచి పిల్లలు పడుకునే గది దూలానికి పాకింది. ఆమె చెప్పింది, కీబోర్డు మీటలు నేను నొక్కాను.

ఆమె చెబుతుంటే నేనే ఫోన్లు చేశాను. ఒకాయన, "పేషెంటు మాటలు సార్, భయపడుతున్నట్టున్నరు" అన్నాడు. ఫోను లాక్కుంది. "అవ్, పేషెంటునే. నా లెక్క పేషెంటు కాదు. ఇయ్యాల పిల్లల్ని బయటికి తియ్యకపోతే, రేపు నేను సచ్చేముందు మీ పేరు చెప్పి సస్త." మర్నాటికి హాస్టలు ఖాళీ అయింది. ఆ వారంలోనే పడకగది దూలం చిట్లింది. కింద ఎవరూ లేరు.

ఖమ్మం దవాఖానాలో వంటామెను చూడబోయాను. ప్రాణం దక్కింది, మోకాలి కింద కాలు లేదు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట తన గురించి కాదు.

"మేడమ్‌కు ఎట్లున్నది సార్?" ఆ తర్వాత, "నేను చెప్పిన సార్. గాజు పెరిగిందని చెప్పిన. ఇంకెట్ల చెప్పాలె? ఆమెకే బాగలేకపాయె, పగిలిందని ఏ నోటితోని అనాలె?"

అన్ని వేదికల మీద మూఢనమ్మకాల గురించి గంటలు గంటలు మాట్లాడేవాణ్ణి. ఆ మంచం పక్కన ఆమెది తప్పు కాదని మేడమ్ అన్నదని మాత్రం చెప్పాను. ఆమె దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

వాగుకు అసాధారణ వరద రావడమే కారణమని ఆఫీసు తేల్చింది. వాగు వాగులాగే వచ్చింది. అదే ఫైలు ఇంకెన్ని ఊళ్ల పేర్లతో తెరిచి మూశారో తెలియదు. వదిన చివరిదాకా అడుగుతూనే ఉంది, వాటన్నిటి కింద మట్టి చూడమని. మీ ఊళ్లోనూ ఒక కొత్త భవనం ఉండే ఉంటుంది, బడో, దవాఖానో. దాని కింద ఏం పెట్టారని అడగండి. పాసైందని చెబుతారు. మళ్లీ అడగండి. ఆమెకు నివాళి అంటే నాకు తెలిసింది ఇదొక్కటే. పూలదండలు ఆమెకు తుమ్ములు తెప్పించేవి.

దినం అయిపోయాక పిల్లలెలా ఉన్నారో చూద్దామని వెళ్లాను. ప్రస్తుతానికి వాళ్లను మండల కేంద్రంలో ఒక ఫంక్షన్ హాలులో ఉంచారు. గట్టి నేల మీద కట్టిన పెద్ద హాలు, వదినే మనిషిని పంపి చూపించి ఒప్పుకున్నది. ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిని పిల్లలు నడుం వాల్చారు. ఉక్కగా ఉంది. ఫ్యాన్లన్నీ గోడలకే ఉన్నాయి, ఒక్కటీ ఆగకుండా తిరుగుతున్నాయి. వాటి గాలి నడిమధ్యకు అందడం లేదు. చాపలన్నీ ఆ నడిమధ్యనే, ఏ గోడకూ దగ్గర కాకుండా, ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కించి పరిచి ఉన్నాయి. పిల్లలు చెమటలు కక్కుతూ, ఒకరి మీద ఒకరు కాళ్లు వేసుకుని, కుప్పలా పడుకుని ఉన్నారు. చుట్టూ నాలుగు గోడల వెంట, ఒక మనిషి కాళ్లు చాచి పడుకునేంత వెడల్పున, ఊడ్చిన బండలు ఖాళీగా, చల్లగా ఉన్నాయి.